40 అడుగుల యాట్‌కి టెండర్‌గా రిబ్: అల్యూమినియమా, ఫైబరా? డేవిట్లు మోస్తాయా?

లంగరుతాడు:

యాట్ 40 అడుగులు, వెనక రెండు డేవిట్లు (చిన్న పడవని ఎత్తి వేలాడదీసే చేతులు). ఒక్కోదాని మీద 80 కిలోలు అని రాసి ఉంది. ఎక్కేది నలుగురు, అందులో ఇద్దరు పిల్లలు. లంగరు వేసిన చోటు నుంచి ఒడ్డు ఒక్కోసారి మైలు దూరం ఉంటుంది. టెండర్ (ఒడ్డుకి వెళ్లొచ్చే చిన్న పడవ) నత్తనడక నడిస్తే కుదరదు, నలుగురు కూర్చున్నా ప్లేనింగ్‌లోకి, అంటే నీటి పైన జారుతూ పోయేలా లేవాలి.

చూస్తున్న రిబ్‌లు (గట్టి అడుగు, చుట్టూ గాలి ట్యూబులు ఉన్న పడవలు) రెండు, రెండూ 3.1 మీటర్లే. మొదటిది ఫైబర్ హల్ (పడవ అడుగు భాగం), డబుల్ ఫ్లోర్, హైపలాన్ రబ్బరు ట్యూబులు, 72 కిలోలు. రెండోది అల్యూమినియం హల్, సింగిల్ ఫ్లోర్, పీవీసీ ట్యూబులు, 42 కిలోలు. ఇంజను 9.9 హార్స్‌పవర్ సరిపోతుందా, 15 గానీ 20 గానీ పెట్టాలా అన్నది తేలడం లేదు.

నా లెక్క ఇది: డేవిట్లు రెండూ కలిపి 160 మోస్తాయి. బరువైన ఫైబర్ పడవ 72, ఇంజను 44, మొత్తం 116. ఇంకా 44 కిలోలు మిగులే. ఇందులో తప్పేమైనా ఉందా?

కప్పీ:

ఉందండీ. రెండు డేవిట్లూ బరువుని సగం సగం పంచుకోవు. ఇంజను ఒక్క చివరనే వేలాడుతుంది, ఆ వైపు డేవిటే దాన్ని మోయాలి.

అంకెలు వేసి చూద్దాం. ఎత్తే కొక్కేల మధ్య దూరం 2.5 మీటర్లు అనుకోండి, ఒకటి ట్రాన్సమ్ (ఇంజను బిగించే వెనక పలక) దగ్గర, ఇంకోటి ముక్కు దగ్గర. ఖాళీ పడవ గరిమనాభి ట్రాన్సమ్ నుంచి సుమారు 1.1 మీటర్ల దగ్గర ఉందనుకుందాం. అప్పుడు 72 కిలోల పడవలో ట్రాన్సమ్ వైపు 40, ముక్కు వైపు 32 పడుతుంది. ఇంజను ట్రాన్సమ్‌కి బయట, ఓ 15 సెంటీమీటర్లు వెనక్కి వేలాడుతుంది. అందువల్ల దాని 44 కిలోలు వెనక కొక్కెం మీద 47గా పడతాయి, ముక్కు వైపు 3 కిలోలు తేలికవుతుంది. మొత్తం వెనక 87, ముందు 29. పెట్రోలు పోయకముందే ఒక డేవిట్ హద్దు దాటింది, రెండోది సగం కూడా మోయడం లేదు.

అల్యూమినియం పడవకి ఇదే లెక్క వేస్తే వెనక 70, ముందు 16. 12 లీటర్ల ట్యాంకు నిండుగా 11 కిలోలు ఉంటుంది (పెట్రోలు 9, ట్యాంకు 2). దాన్ని ముక్కు దగ్గర పెడితే వెనక 71, ముందు 26. ఇంజను పక్కనే పెట్టేస్తే మాత్రం వెనక 80, అంటే సరిగ్గా హద్దు మీద. ఒక్క ట్యాంకు చోటు మారితే వచ్చే తేడా ఇది. మీ పడవ కొక్కేలు ఎక్కడున్నాయో టేపు పెట్టి కొలిచి మళ్లీ వేసుకోండి, నా 2.5, 1.1 ఊహించినవి మాత్రమే.

ఇదంతా పడవ కదలకుండా ఉన్నప్పటి మాట. అలల్లో యాట్ కుదుపుకి ఎగిరి పడుతుంటే కొక్కెం మీద పడేది ఎంతో ఎక్కువ. కాబట్టి లంగరు మీద ఉన్నంతసేపు ఇంజనుతో సహా ఎత్తుకోవచ్చు. సముద్రంలోకి బయల్దేరే ముందు ఇంజను విప్పి యాట్ వెనక రెయిలింగ్ బ్రాకెట్‌కి బిగించండి, టెండర్‌ని ముందు డెక్ మీద బోర్లించి కట్టండి. అందుకు మాస్తుకీ (తెరచాప స్తంభం) లంగరు లాగే విండ్‌లాస్‌కీ మధ్య ఉన్న ఖాళీని ఇప్పుడే కొలవండి. చాలా మంది పడవ కొన్నాకే కొలుస్తారు, తీరా చూస్తే డెక్ మీది హాచ్ (మూత తలుపు) తెరుచుకోదు!

ఇంకోటి, వాన. నేల 2 మీటర్లు బై 0.8 మీటర్లు అనుకుంటే 25 మిల్లీమీటర్ల వానకే 40 లీటర్లు, అంటే 40 కిలోలు. ట్యూబుల మీద పడి లోపలికి జారేది దానికి అదనం. ఆ నీళ్లన్నీ ట్రాన్సమ్ వైపే, అప్పటికే బరువెక్కిన డేవిట్ వైపే చేరతాయి. ఎత్తిన ప్రతిసారీ డ్రైన్ ప్లగ్ (నీళ్లు పోయే రంధ్రపు బిరడా) తీయాల్సిందే. ముక్కు కొంచెం పైకి, ట్రాన్సమ్ కొంచెం కిందికి ఉండేలా కడితే నీళ్లు నిలవవు.

పంకా_పిచ్:

ఇంజను సంగతి చెబుతాను. ముందు పడవ లోపల అంటించిన ప్లేటు చూడండి, దాని మీద గరిష్ఠ పవర్, గరిష్ఠ బరువు, ఎంతమంది ఎక్కొచ్చు అన్నవి ఉంటాయి. తేలికపాటి సింగిల్ ఫ్లోర్ పడవల్లో కొన్నిటికి 20 ఒప్పుకోరు. ప్లేటులో 15 ఉంటే 15 దగ్గరే ఆగాలి.

ప్లేనింగ్‌కి చేతి లెక్క: ఇంత చిన్న రిబ్‌లో ఒక హార్స్‌పవర్‌కి మొత్తం బరువు 20 నుంచి 25 కిలోలు దాటకూడదు. పెద్దవాళ్లు 75, 65, పిల్లలు 35, 25 అనుకుంటే మనుషులే 200. అల్యూమినియం పడవ 42, ఇంజను 44, ట్యాంకు 11, చిన్న లంగరూ గొలుసూ తెడ్లూ కలిపి ఓ 8. మొత్తం 305. పదితో భాగిస్తే 30 పైనే, కాబట్టి నలుగురితో 9.9 లేవదు, ముక్కు పైకెత్తి నీళ్లు తోసుకుంటూ పోతుంది. పదిహేనుతో 20, అది చాలు. ఫైబర్ పడవ అయితే 335, పదిహేనుతో 22. అదీ లేస్తుంది గానీ నాలుగు సంచుల సామాను వేశాక కష్టపడుతుంది.

"9.9 తీసుకుంటే తేలిక" అని అందరూ అనేస్తుంటారు, అది అన్ని ఇంజన్లకీ నిజం కాదు. సుజుకీలో 9.9 బి మోడల్, 15, 20 మూడూ ఒకే 327 సీసీ దిమ్మ మీద కట్టినవి, బరువు సుమారు 44 కిలోలే. ఆ వరసలో 9.9 కొంటే మిగిలే బరువేమీ లేదు, పోయేది పవర్ మాత్రమే. తేలిక నిజంగా కావాలంటే తొహాట్సు 9.8 లాంటి 209 సీసీ ఇంజను చూడాలి, అది సుమారు 37 కిలోలు. ఎక్కువగా ఇద్దరే తిరిగితే దాంతో హాయిగా ప్లేన్ చేయొచ్చు.

ఇంజను షాఫ్ట్ (నీళ్లలోకి దిగే కాలు) పొడవు అంచనా మీద కొనకండి. ట్రాన్సమ్ పై అంచు నుంచి కీల్ (హల్ కింద నడిమి అంచు) అడుగుదాకా కొలవండి. 38 నుంచి 40 సెంటీమీటర్లు వస్తే షార్ట్ షాఫ్ట్ (15 అంగుళాలు), 50 దగ్గరకొస్తే లాంగ్ (20 అంగుళాలు). ఇంజను బిగించాక పంకా (ప్రొపెల్లర్) పైనున్న అడ్డపలక కీల్ అడుగుతో సమానంగా గానీ 2 సెంటీమీటర్లు కిందికి గానీ ఉండాలి. మరీ పైకుంటే మలుపులో పంకా గాలి పీల్చుకుంటుంది, ఇంజను గోలపెడుతుంది, పడవ మాత్రం కదలదు. మరీ కిందికుంటే నీళ్లు ట్రాన్సమ్ మీదకి ఎగజిమ్ముతాయి, వేగం పడిపోతుంది.

ఒరిపిడి:

హల్ విషయంలో బరువు ఒక్కటే చూడొద్దు. ఫైబర్ హల్ రాళ్ల మీద ఈడిస్తే కీల్ దగ్గర జెల్‌కోట్ (పై పూత) అరిగి లోపలి నార బయటపడుతుంది, నీళ్లు పీలుస్తుంది. కానీ రెజిన్, గ్లాస్‌మ్యాట్ ఉంటే ఎక్కడైనా ఎవరైనా బాగుచేసుకోవచ్చు. అల్యూమినియం అదే రాయికి సొట్టపడి ఊరుకుంటుంది, చిల్లు పడడం అరుదు. పగిలితే మాత్రం వెల్డింగ్ చేయాలి, పలచటి సముద్రపు అల్యూమినియం వెల్డింగ్ చేసేవాడు ప్రతి రేవులోనూ దొరకడు.

అల్యూమినియానికి అసలు శత్రువు ఇంకో లోహం. రాగి కలిసిన యాంటీఫౌలింగ్ (నాచు పట్టకుండా వేసే) పెయింటు దాని మీద ఎప్పుడూ వేయకూడదు, హల్‌నే తినేస్తుంది. ఫ్లోర్ కింద తడిలో పడిపోయిన రాగి నాణెం, ఇత్తడి నట్టు కూడా అంతే, దాని కిందే గుంట పడుతుంది. స్టీల్ బోల్టు ఎక్కడ పెట్టినా మధ్యలో ప్లాస్టిక్ వాషరు, ఇన్సులేటింగ్ పేస్టు ఉండాలి. పెయింటు కింద బుడగలు కనిపిస్తే, ముఖ్యంగా ట్యూబు అంటించిన గీత వెంబడి కనిపిస్తే ఆ పడవ వదిలేయండి. అక్కడ జిగురు అంటుకున్నది లోహానికి కాదు, పెయింటుకి. పెయింటు లేస్తే ట్యూబూ దాంతోపాటే లేస్తుంది.

సింగిల్ ఫ్లోర్‌లో కాళ్ల కింద వి ఆకారపు హల్లే ఉంటుంది. కొద్ది నీళ్లు చేరినా మధ్య గాడిలో మడమలు మునుగుతాయి, సంచులు తడుస్తాయి, ట్యాంకు అటూ ఇటూ జారుతుంది. దానికి పట్టీ వేసి కట్టాలి. డబుల్ ఫ్లోర్ పొడిగా ఉంటుంది, నిలబడడానికి సౌఖ్యం. అయితే రెండు ఫ్లోర్ల మధ్య నీళ్లు చేరితే బయటికి కనబడవు. పాతది కొంటుంటే తూకం వేయించండి. రాసిన బరువు కన్నా బాగా ఎక్కువ తూగితే లోపల నీళ్లున్నట్టే.

గాలితిత్తి:

హైపలాన్ అని రాసినదంతా ఇప్పుడు హైపలాన్ కాదు. అది డ్యూపాంట్ వాళ్ల పేరు, వాళ్లు 2010లో తయారీ ఆపేశారు. ఇప్పుడు వచ్చేది అదే జాతి రబ్బరు, సీఎస్ఎం, వేరేవాళ్లు చేసింది. గుడ్డ మంచిదే, పేరు చూసి మోసపోవద్దని చెబుతున్నా.

తేడా ఎండలో తెలుస్తుంది. ఏడాది పొడుగునా మండే ఎండలో తేలుతుంటే పీవీసీలోని మెత్తదనం ఇచ్చే పదార్థం బయటికొచ్చి పైన జిగటగా అవుతుంది, తర్వాత అతుకులు విడతాయి. సీఎస్ఎం అక్కడ చాలా ఏళ్లు ఎక్కువ నిలబడుతుంది. ఎండ అంతగా లేనిచోట, పైన గుడ్డ తొడుగు వేసి ఉంచితే పీవీసీ తక్కువేం కాదు, పైగా దాని అతుకులు వేడితో వెల్డ్ చేసినవి అయితే గట్టిగానే ఉంటాయి. రెండో పడవే తీసుకుంటే తొడుగు కూడా అప్పుడే కుట్టించండి, ట్యూబు జిగటెక్కాక తొడిగినా లాభం లేదు.

ఏ గుడ్డో తెలియని పాత పడవ అయితే కనబడని మూలలో గరుకు కాగితంతో రుద్దండి. సీఎస్ఎం పొడిలా రాలుతుంది. పీవీసీ రాలదు, మెరుగు పోయి గీతలు పడుతుంది. ఇది తెలియకుండా ప్యాచ్ వేయొద్దు: సీఎస్ఎంకి రెండు భాగాల నియోప్రీన్ జిగురు, పీవీసీకి రెండు భాగాల పాలీయురెథేన్ జిగురు. ఒకదానిది ఇంకోదానికి వాడితే రెండు రోజులు నిలబడి మూడో రోజు ఊడుతుంది. మెరుపు కోసం సిలికాన్ స్ప్రే కొట్టిన ట్యూబుకి ఏ జిగురైనా సరిగా పట్టదు.

గాలి కూడా కొలిచే కొట్టాలి. చాలా వాటికి 0.25 బార్, ట్యూబు మీదే రాసి ఉంటుంది. పొద్దున్నే 25 డిగ్రీల దగ్గర 0.25 కొట్టి ఎండలో వదిలేస్తే, లోపలి గాలి 45 డిగ్రీలకి చేరేసరికి 0.33 దాటుతుంది. తిరగేసి, మిట్టమధ్యాహ్నం 45 దగ్గర కొట్టి 28 డిగ్రీల నీళ్లలో దింపితే 0.18కి పడిపోతుంది. ట్యూబు మెత్తబడి హల్ మధ్యలో వంగుతుంది, ప్లేనింగ్ దెబ్బతింటుంది. ఇంజనుని తిట్టుకునే ముందు గేజ్ పెట్టి చూడండి. రాత్రంతా గాలి తగ్గిపోతుంటే ముందు వాల్వు చుట్టూ సబ్బునీళ్లు పూయండి, తర్వాతే అతుకులు.

లంగరుతాడు:

కప్పీ గారి లెక్క చూశాక ఫైబర్ పక్కన పెట్టేశాను. ప్లేటు మీద 15 దాకా ఉంది కాబట్టి అల్యూమినియం, 15. డేవిట్‌కి తగిలించే తాళ్లు ట్యూబు మీది రింగులకి కట్టొచ్చా? దగ్గర దూరాలకి వెనక కట్టి లాక్కెళ్లొచ్చా?

కప్పీ:

ట్యూబు మీది రింగులు పట్టుకోవడానికి, సామాను కట్టుకోవడానికి. వాటికి వేలాడదీస్తే ఏదో ఒకరోజు ప్యాచ్‌తో సహా ఊడి చేతికొస్తాయి. ఎత్తేది హల్‌కి బోల్టు వేసిన కొక్కేల నుంచే. ట్రాన్సమ్ దగ్గర రెండు కొక్కేల నుంచి రెండు తాళ్లు పైన ఒక రింగులో కలుస్తాయి. ఆ రెండు తాళ్ల మధ్య కోణం 60 డిగ్రీలు ఉంటే ఒక్కో తాడు మీద బరువులో 58 శాతం పడుతుంది. తాళ్లు పొట్టివై కోణం 120 అయితే ఒక్కో తాడూ మొత్తం బరువంత మోయాలి. పొడుగ్గా పెట్టుకోండి, డేవిట్ ఎత్తు చాలకపోతేనే తగ్గించండి. ఎత్తాక ముక్కు నుంచీ ట్రాన్సమ్ నుంచీ యాట్‌కి అడ్డంగా, కత్తెరలా రెండు తాళ్లు బిగిస్తే ఊగదు.

లాక్కెళ్లడం ప్రశాంతమైన నీళ్లలో, రేవు లోపల అయితే సరే. ఇంజను తీసేసి, లోపల సామానేమీ లేకుండా, ముక్కు దగ్గర హల్‌కి ఉన్న రెండు కొక్కేల నుంచి వి ఆకారంలో తాడు వేసి లాగండి. తేలే తాడైతే మేలు, వెనక్కి వచ్చేటప్పుడు యాట్ పంకాకి చుట్టుకోదు. బయటి సముద్రంలో వద్దు. అల పైనుంచి జారి వచ్చి యాట్ వెనక గుద్దుతుంది, లేదా నీళ్లు నిండి తాడు తెంపుతుంది.

డ్రైన్ ప్లగ్ గురించి ఇందాక రాసినదానికి రెండో సగం ఉంది: తీసినవాళ్లు దింపేటప్పుడు పెట్టడం మర్చిపోతారు. ప్లగ్గుకి చిన్న దారం కట్టి దాన్ని ఇంజను కిల్ కార్డ్‌కి (లాగితే ఇంజను ఆగిపోయే తాడు) ముడివేయండి. కార్డ్ తగిలించకుండా ఇంజను స్టార్ట్ కాదు, కార్డ్ చేతిలోకి తీసుకుంటే ప్లగ్ కూడా వస్తుంది.