వెట్టి పోయిన రోజు మనకు లేదా?

ప్రశ్న: మాది నల్లగొండ పక్క పల్లె. అమెరికాలో మా అబ్బాయికి జూన్ 19న సెలవు. 1865లో ఆ రోజు టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో బానిసల విడుదలను చాటారు. 2021 నుంచి ఫెడరల్ సెలవు. మా తాత దొర గడిలో కూలి లేకుండా నీళ్లు మోశాడు. ఆ కావడి బద్ద ఇంకా మా చూరులోనే ఉంది, భుజం ఆనేచోట నున్నగా అరిగిపోయి. ఆయనకంటూ ఒక రోజు వద్దా?

జవాబు: దొరలకు ఎదురు నిలిచిన చాకలి ఐలమ్మ జయంతి సెప్టెంబర్ 26న సర్కారే చేస్తోంది కదన్నా.

జవాబు: మాది పాలమూరు. వెట్టి రద్దు చట్టం 1976లోనే వచ్చింది. ఆ తర్వాత కూడా మేస్త్రీ అడ్వాన్సు తీరక మా నాయిన డ్యాం పనుల్లోనే ఉండిపోయాడు. పండక్కి కూడా పంపలేదు. దండలతో పాటు ఆ చట్టాన్నీ ఊళ్లో చదివి వినిపించాలి.

ప్రశ్న వేసినవారు: నిజమే తమ్మీ. ఈసారి 26న కావడి బద్ద పట్టుకుని పంచాయతీ ఆఫీసుకు పోతా.