ఎంజీబీ ఇంజన్‌లో టక్ టక్: ట్యాపెట్టా, బేరింగా?

ప్రశ్న (కడప నుంచి):
అన్నలారా, మా నాయన దాచిన 1967 ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఇప్పుడు నా దగ్గరుంది. పోయిన ఆదివారం గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ పైభాగంలో టక్ టక్ మొదలైంది. పాలకోవా అంగడి దగ్గర ఆపి బానెట్ ఎత్తి విన్నా. ఐడిల్‌లోనూ ఉంది, రేజ్ చేస్తే ఇంకా వేగంగా కొడుతోంది. బండి నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెజర్ 55 పీఎస్ఐ. ఒక మెకానిక్ సరిగ్గా వినకుండానే ఇంజన్ దించాలన్నాడు. రాత్రంతా టెన్షన్. నాయన చేత్తో బిగించిన ఇంజన్ అది, ఊరికే విప్పించలేను.

జవాబు:
దించొద్దు తమ్ముడూ. ప్రెజర్ బాగానే ఉంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన రాకర్ కవర్ (ఇంజన్ పైన వాల్వ్‌ల మీదుండే మూత) మీద పెట్టి, పిడి చెవికి ఆనించి విను. తర్వాత ఒక్కొక్క ప్లగ్ వైరు తీసి చూడు. ఏ సిలిండర్ దగ్గరైనా శబ్దం బాగా తగ్గితే కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీ) బేరింగ్ మీద అనుమానపడాలి. మారకపోతే ట్యాపెట్టే, అంటే వాల్వ్‌ల దగ్గర గ్యాప్ ఎక్కువై వచ్చే శబ్దం.

ఇంకో జవాబు:
ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వాల్వ్‌కీ, దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య గ్యాప్ 0.015 అంగుళం పెట్టు. తొమ్మిది లెక్క గుర్తుంచుకో, రెండు వాల్వ్‌ల నంబర్లు కలిపితే తొమ్మిది రావాలి: 8వ వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వది, 6వది తెరుచుకుంటే 3వది సర్దాలి. ముఖ్యంగా రాకర్ మొన చూడు. అక్కడ గుంట పడితే ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పలుచని రేకు) దాని మీద వంతెనలా నిలబడుతుంది. గేజ్ సరిగ్గా పట్టినా అసలు గ్యాప్ ఎక్కువే ఉంటుంది.

ప్రశ్న అడిగినవాణ్ణి నేనే:
అన్నా, గుంటే! 3వ రాకర్‌లో గోరు ఇరుక్కునేంత. వైర్లు తీసినా శబ్దం మారలేదు. రాకర్ మార్చి గ్యాప్ పెట్టుకున్నా. నిన్న మళ్లీ ఘాట్ ఎక్కాను. రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లు గాలి పీల్చే శబ్దం తప్ప ఇంకేం వినబడలేదు.