డ్రమ్ము జీవామృతానికి ముప్పై బస్తాలు పండుతాయా?

గోదారిగట్టు
మాది తణుకు దగ్గర పల్లె. మూడెకరాల మాగాణి, కాలవ నీళ్లు, సార్వా (వానాకాలం పంట), దాళ్వా (రెండో పంట) రెండూ. నాన్నగారు సార్వాకి స్వర్ణ రకం వరి వేస్తారు, ఎకరాకి ముప్పై బస్తాలు (మా బస్తా 75 కిలోలు) అటూ ఇటూగా దిగుతుంది. నేను బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ, పండక్కి వెళ్లి సలహాలిచ్చే బాపతు. ఈసారి ఇచ్చిన సలహా: ఒక ఎకరంలో యూరియా మానేసి ప్రకృతి సేద్యం చేద్దామని. ఆయన తల కూడా ఎత్తకుండా, "తగ్గిన బస్తాలు నీ జీతంలోంచి కొలుస్తావా?" అన్నారు.

పేడ, పంచితం (ఆవు మూత్రం), బెల్లం డ్రమ్ములో పులియబెట్టి పోసే జీవామృతం ఒక్కదానితో డెల్టా వరి పండుతుందా, పండదా? మాకు ఆవు లేదు, రెండు గేదెలున్నాయి. చేసినవాళ్లు చెప్పండి. వీడియోలు పంపకండి, అన్నీ చూసేశాను.

మట్టిపరీక్ష
వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయినవాణ్ణి. నా జవాబు: ఒక్క జీవామృతంతో పండదు. లెక్క చెబుతాను, తప్పుంటే దిద్దండి.

ఎకరాకి 200 లీటర్ల నీళ్లలో పేడ 10 కిలోలు, పంచితం అయిదు నుంచి పది లీటర్లు, బెల్లం 2 కిలోలు, పప్పుల పిండి 2 కిలోలు, గట్టు మీది మట్టి గుప్పెడు. అందులో ఉన్న నత్రజని మొత్తం కూడితే పావుకిలో దాటదు. పదిహేను రోజులకోసారి పోసినా పంట కాలమంతటికీ రెండు కిలోలు. టన్ను వడ్లు పండాలంటే పైరు 15–20 కిలోల నత్రజని తీసుకుంటుంది. మీ ముప్పై బస్తాలు రెండుంబావు టన్నులు. మీరే గుణించుకోండి. 45 కిలోల యూరియా కట్టలో ఇరవై కిలోలకి పైనే నత్రజని ఉంటుంది, ధర రూ.266.50. మీ నాన్నగారి మొండితనం వెనక ఉన్నది ఈ అంకె.

ఈ సేద్యాన్ని ప్రచారంలోకి తెచ్చిన సుభాష్ పాలేకర్ గారు జీవామృతాన్ని ఎరువు అనరు, పాలలో వేసే తోడు లాంటిదంటారు. బాగానే ఉంది. కానీ తోడు ఎంత మంచిదైనా గిన్నెలో పాలుండాలి కదా.

సీమచేను
సారూ, మీ లెక్క మాగాణిది. దాన్ని తీసుకొచ్చి మా చేని మీద పెడితే కుదరదు.

మాది కళ్యాణదుర్గం పక్క. చెనిక్కాయ, కంది. వాన వస్తే పంట, రాకపోతే అప్పు. దుక్కిలో కట్టలు కట్టలు వేసినా తడి లేకపోతే ఆ మందు ఎవురికి? ఎండాకాలంలోనే, వానకి ముందే, నవధాన్యాలు విత్తన గుళికలు చేసి పొడి దుక్కిలో చల్లుతున్నాం. ఒక్క వాన పడితే చేను పచ్చగా కప్పుకుంటుంది. జొన్న, సజ్జ, అలసంద, ఉలవ, ఆముదం అన్నీ కలిపి. అందులో పప్పు జాతివి గాలిలో నత్రజనిని పట్టి పెడతాయి, మిగతావి నేలకి నీడ. పాలు కావాలన్నారే, అవి అక్కడినుంచి వస్తున్నాయి. మాకు దిగుబడి పెద్దగా పెరిగిందని చెప్పను, అబద్ధం. పెట్టుబడి తగ్గింది, పంట పోయిన ఏడు అప్పు చిన్నది. అది చాలు మాకు. 2024లో పోర్చుగల్ వాళ్లిచ్చే గుల్బెంకియన్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో మన ఆంధ్ర ప్రకృతి సేద్య కార్యక్రమం ఒకటి, ఊరికే ఇవ్వలేదు.

సూటిమాట
బహుమతులు బస్తాల్లో కొలవరండీ. శ్రీలంక 2021లో రసాయన ఎరువులు ఆపేసి ఏమయిందో చూశారుగా. ఏప్రిల్‌లో ఆపారు, నవంబరుకి నాలిక కరుచుకుని మళ్లీ తెరిచారు.

సీమచేను
రాత్రికి రాత్రి ఆపితే ఏదైనా అంతే. ముప్పై ఏళ్లు తాగినోడి దగ్గర సీసా లాక్కుంటే వణుకు రాదా? దాన్ని చూపించి అసలు మానొద్దంటారా?

మట్టిపరీక్ష
సీమచేను చెప్పింది ఒప్పుకుంటాను. మెట్ట వేరు, మాగాణి వేరు. మెట్టలో రైతు వేసేదే తక్కువ, కాబట్టి మానితే పోయేదీ తక్కువ. డెల్టాలో పంటంతా బస్తా నత్రజని మీద నిలబడి ఉంది. జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ 2019లో పాలేకర్ గారి "జీరో బడ్జెట్" సేద్యం మీద అభ్యంతరం చెబుతూ ప్రధానికి రాసిందీ ఇలాంటి లెక్కలతోనే. సమావేశాల్లో ఈ రెంటినీ కలిపి మాట్లాడతారు. నేనూ ఆ వేదికల మీద కూర్చుని చప్పట్లు కొట్టినవాణ్ణే.

ఇంకోటి. గాలిలో 78 శాతం నత్రజని ఉంది, మొక్క తీసుకుంటుంది అంటారు. గాలిలో ఉన్నది మొక్క నోట్లోకి రాదు. పప్పు జాతి వేళ్ల బుడిపెల్లో సూక్ష్మజీవులు పట్టాలి. వరి మడిలో నీలి ఆకుపచ్చ నాచు, అజొల్లా అనే నీటి మొక్క కొంత నత్రజనిని పట్టి పెడతాయి, నిజమే. అందుకే ఏమీ వేయని మడి కూడా సున్నా దిగదు. కానీ ముప్పై దిగదు.

చెల్క
గోదారిగట్టు తమ్మీ, మాది జనగామ దిక్కు. ఏనబావి మాకు దగ్గర్నే. ఆ ఊరోళ్లు ఊరంత కలిసి మందులు బంద్ పెట్టిన్రు, 2006ల అందరి ముంగట చెప్పిన్రు కూడ. ఒక్క రోజుల గాలే. మొదలు పురుగుమందులు బంద్. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి ఎల్లిగడ్డ రసం, మగ పురుగులను వాసనతోని పట్టే లింగాకర్షక బుట్టలు. తర్వాత ఎరువుల ముచ్చట.

ఈడ అందరు పురుగుమందును, యూరియాను ఒక్క గాట కట్టేస్తున్రు. రెండు వేరు. పురుగుమందు బంద్ పెడితే వెంటనే బస్తాలు తగ్గయి, పైసలు మిగుల్తయి. యూరియా ఒక్కసారి తీసేస్తే పైరు పసుపు పచ్చగయితది, మీ నాయిన గట్టు మీద నిలబడి నిన్ను తిడ్తడు. ఇంకో మాట, యూరియా ఎక్కువ కొట్టిన మడికే సుడిదోమ (వరి రసం పీల్చే పురుగు) ఎక్కువ. సగం తగ్గిస్తే దోమ మందు కూడ తగ్గుతది. మీ నాయిన ఎన్నిసార్లు కొడ్తుండో అడుగు.

గోదారిగట్టు
అడిగాను. సార్వాలో నాలుగుసార్లట. "అందరూ అంతే కొడతారు" అన్నారు.

పసుపుగడప
అందరూ బస్తాలు, కిలోలు లెక్కేశారు. డ్రమ్ము ఎవరు కలుపుతారు అన్న లెక్క ఎవరూ వేయలేదు.

మాది పార్వతీపురం దగ్గర. మా మహిళా సంఘం ద్వారానే మూడేళ్లుగా చేస్తున్నాం. పంచితం పట్టాలంటే తెల్లారి ఆవు లేవక ముందే లేవాలి. డ్రమ్ము రెండు రోజులు పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పాలి. పురుగులకి కొట్టే దశపర్ణి కషాయానికి పది రకాల ఆకులు కోసుకురావాలి. బిందెలతో మడి దాకా మొయ్యాలి. సభల్లో "పెట్టుబడి సున్నా" అన్నప్పుడల్లా నాకు నా నడుము గుర్తొస్తుంది. అలాగని నేను వ్యతిరేకిని కాదు. మా ఇంట్లో పురుగుమందు డబ్బా లేదిప్పుడు. పిల్లలున్న ఇంట్లో అది ఎంత నిశ్చింతో చెప్పలేను.

గేదె పేడ సంగతి: దేశీ ఆవుదే మేలని శిక్షణలో చెప్పారు. మా సంఘంలో ఆవు లేనివాళ్లు గేదె పేడ కలిపారు. డ్రమ్ము పొంగింది, వాసనా అదే.

గోదారిగట్టు గారూ, బెంగుళూరు నుంచి మీరు తిప్పలేరు కదా. మీ అమ్మగారిని అడిగారా?

గోదారిగట్టు
లేదండీ. నిజంగా అడగలేదు. సిగ్గేసింది.

వంటింటిలెక్క
కొనేదాన్ని, నేనూ ఓ మాట చెబుతాను. హైదరాబాదులో మా వీధి చివర దుకాణంలో రెట్టింపు ధరకి "ఆర్గానిక్" బియ్యం కొన్నాను, ఎనిమిది నెలలు. ఒకరోజు సంచి మీద జైవిక్ భారత్ గుర్తు (ధ్రువీకరించిన ఆర్గానిక్ సరుకు మీద వేసే ముద్ర) వెతికితే లేదు. అడిగితే గోడ మీది ఫొటో చూపించాడు, తలపాగా రైతు, వెనక ఆవు. ఆ ఫొటో ఇంకో దుకాణంలోనూ ఉంది! పొట్టు బియ్యం తింటే షుగరు పోతుందని కూడా చెప్పి అమ్మాడు. మావారికి తగ్గింది ఆయన పూటకి తినే అన్నం సగం చేశాక.

నా ప్రశ్న: ఈయన ఒక ఎకరం మారిస్తే ఆ వడ్లకి ఎక్కువ ధర వస్తుందా?

మట్టిపరీక్ష
వెంటనే రాదమ్మా. ధ్రువీకరణకి వార్షిక పంటలకైతే రెండేళ్ల మార్పిడి కాలం ఉంటుంది. రైతులు గుంపుగా ఒకరికొకరు పూచీ ఉండే పీజీఎస్ పద్ధతి చవక, కానీ అందులోనూ తొలి ఏళ్లు మార్పిడి కిందే. ఆ రెండేళ్లు రైతుకి పాత దిగుబడీ ఉండదు, కొత్త ధరా ఉండదు. దీన్ని ఎవరు భరించాలన్నదే అసలు తగాదా అని నా అభిప్రాయం. యూరియా కట్ట మీద సర్కారు భరించే రాయితీ రైతు కట్టేదానికి కొన్ని రెట్లు. మానేసినవాడికి అందులో ఎంత వస్తోంది? 2024 నవంబరులో కేంద్రం ప్రకృతి సేద్యానికి రూ.2,481 కోట్ల మిషన్ ఆమోదించింది, కోటి మంది రైతులని లక్ష్యం. మనిషికి రెండున్నర వేలు కూడా పడదు.

గోదారిగట్టు బాబూ, యూరియా మొత్తం మానొద్దు. దాళ్వా కోత ఏప్రిల్‌లో అయిపోతుంది, సార్వా ఊడ్పు జూలై. మధ్యలో నేల ఖాళీ. మే నెల చినుకులకి ఎకరాకి పది పన్నెండు కిలోల జీలుగ విత్తనం (పచ్చిరొట్ట ఎరువుగా తొక్కించే పైరు) చల్లి, నలభై అయిదు రోజులకి పూత మీద దమ్ము చేసి తొక్కించండి. ఎకరాకి 20–30 కిలోల నత్రజని, అంటే ఓ కట్ట యూరియా పైమాటే. సార్వాకి ఆ కట్ట తగ్గించండి. బస్తా తగ్గితే నన్ను తిట్టండి.

సూటిమాట
అంటే మిగతా యూరియా వేస్తారన్నమాట. మరి అది ప్రకృతి సేద్యం ఎలా అవుతుంది?

చెల్క
కాకపోతె కాకపాయె. పేరు పెట్టేతందుకు చేస్తున్నడా, పంటకు చేస్తున్నడా?

సీమచేను
నాకొక అనుమానం. డెల్టాలో మడి నుంచి మడికి నీళ్లు పారతాయి కదా? పై మడిలో చల్లిన యూరియా కరిగి ఈ ఎకరంలోకి దిగుతుంది. ఏమీ వేయకుండా ఇరవై ఎనిమిది పండించానని మీరు వీడియో పెడతారు. పై మడాయన ఖర్చు మీద!

మట్టిపరీక్ష
హహ. నిజమే. మేం ప్రయోగాలు పెట్టేటప్పుడు అందుకే గట్లు ఎత్తు కట్టి, నీళ్లకి విడి బోదె (చిన్న కాలవ) తీయించేవాళ్లం.

గోదారిగట్టు
ఇవాళ ఫోన్‌లో జీలుగ సంగతి చెప్పాను. మొదటిసారి నాన్న విసుక్కోలేదు. తాతయ్య రోజుల్లో దాళ్వా లేనప్పుడు, సార్వా కోతకి రెండు మూడు రోజుల ముందు చేలో పిల్లిపెసర చల్లేవారట. గేదెలకి మేత, నేలకి ఎరువు. దాళ్వా వచ్చింది, కోత మిషను వచ్చింది, అది పోయింది. ఈ మాటలు నాకెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

తర్వాత అసలు ఇబ్బంది చెప్పారు. ఎండాకాలం ఆయకట్టంతా ఊళ్లో గేదెలకి వదిలేస్తారు. మనం ఒక్కళ్లమే ఎకరం పచ్చగా పెడితే వారంలో మోడు. కంచె కట్టాలంటే జీలుగ విత్తనానికి పదింతలు ఖర్చు.

పసుపుగడప
మా దగ్గర మొదటి ఏడు అదే జరిగింది, మేకలు మేసేశాయి. రెండో ఏడు గట్టు కలిసిన పదకొండు మందిమి ఒకే వారం చల్లాం, కాపలా వంతులేసుకున్నాం. ఒక్కరుగా చేసే పని కాదండీ ఇది. మీ చుట్టూ ఎవరెవరి పొలాలు?

గోదారిగట్టు
తూర్పున పెదనాన్నగారిది, పడమర ఒక కౌలు రైతుది. పెదనాన్నతో నాన్నకి గట్టు దగ్గర మాట పోయి ఆరేళ్లు. మే నెలలో సెలవు పెట్టి వెళ్లి ఇద్దర్నీ నేనే అడుగుతానన్నాను. నాన్న కాసేపు ఊరుకుని, "ముందు వాళ్ల గేదెల్ని అడుగు" అన్నారు.