పాత పెన్షన్ మళ్లీ ఇస్తే రాష్ట్రం మోయగలదా?

గోదారి మాస్టారు:
ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబర్ 1 నుంచి ఉద్యోగంలో చేరిన మాకందరికీ సీపీఎస్సే, అంటే మేమూ ప్రభుత్వమూ చెరికొంత వేసే పెన్షన్. బేసిక్, డీఏ కలిపిన దాంట్లో 10 శాతం మా జీతంలో కోత, ప్రభుత్వం ఇంకో 10 శాతం వేస్తుంది. ఆ డబ్బు పెట్టుబడుల్లోకి పోతుంది, చివరికి చేతికి ఎంతొస్తుందో మార్కెట్ దయ. మాతో పనిచేసి రిటైరైన ఒకాయనకి నెలనెలా వచ్చేది బీపీ, షుగర్ మందులకే సరిపోతోంది. రాజస్థాన్ 2022లో, హిమాచల్ 2023లో ఓపీఎస్‌కి, అంటే పాత పెన్షన్‌కి, వెళ్లాయి. మనకెందుకు కుదరదు?

పల్నాటి లెక్క:
మాస్టారూ, మా నాన్నగారిది ఓపీఎస్. దాని విలువ మా ఇంట్లో అందరికీ తెలుసు. చివరి బేసిక్‌లో సగం, డీఏ పెరిగితే అదీ పెరుగుతుంది, పీఆర్సీ (వేతన సవరణ) వస్తే సవరిస్తారు, ఆయన తర్వాత అమ్మకి ఫ్యామిలీ పెన్షన్. కానీ ఆ డబ్బు ఎక్కడా దాచి లేదండీ, ఈ నెల వచ్చిన పన్నుల్లోంచే ఈ నెల పెన్షన్ పోతుంది. ఇప్పుడు ఓపీఎస్ ప్రకటిస్తే ప్రభుత్వానికి ముందు కలిసొస్తుంది కూడా, తన 10 శాతం వాటా కట్టక్కర్లేదు కాబట్టి. 2004లో పాతికేళ్లకి చేరినవాళ్లు 62 నిండి రిటైరయ్యేది 2041లో, అసలు బరువు అప్పుడు పడుతుంది, ఇవాళ మీ క్లాసులో కూర్చున్న పిల్లల మీద. తెలంగాణలో 2021లో రిటైర్మెంట్ వయసు 58ని 61 చేశారు, మన దగ్గర 2022లో 60ని 62 చేశారు, దానివల్ల రిటైర్మెంట్ చెల్లింపులు వెనక్కి జరిగాయంతే, తప్పిపోలేదు.

కొత్తపేట:
ముసలివాళ్లకి నెలనెలా 4,000 పెన్షన్ ఇంటింటికీ తెచ్చి ఇవ్వడానికి డబ్బుంది, ముప్పై ఏళ్లు పనిచేసినవాళ్లకి లేదా?

పల్నాటి లెక్క:
దాన్నీ దీన్నీ ఒక గాటన కట్టకండి. ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం అమ్మాయి వచ్చి మా నాయనమ్మ వేలిముద్ర తీసుకుని ఎనిమిది ఐదొందల నోట్లు చేతిలో పెడుతుంది, ఆవిడకి వేరే రాబడి లేదు. పైగా 2024లో 3,000 నుంచి 4,000 చేసినప్పుడు అందరికీ తెలిసే చేశారు, అది డీఏలా దానంతటదే పెరగదు. నేను ఉద్యోగికి హామీ వద్దనట్లేదు. హామీ ఇచ్చిన రోజు నుంచే దానికి డబ్బు పక్కన పెట్టమంటున్నా. 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం తన ఉద్యోగులకి తెచ్చిన యూపీఎస్ (ఏకీకృత పెన్షన్ పథకం) చూడండి, 25 ఏళ్ల సర్వీసుకి చివరి ఏడాది సగటు బేసిక్‌లో సగం ఇస్తారు, అందుకని ప్రభుత్వ వాటా 14 నుంచి 18.5 శాతానికి పెంచుకున్నారు. మనం పోరాడితే ఆ వాటా కోసం, అది నెలనెలా ఠంచనుగా జమ కావడం కోసం పోరాడాలి.

గోదారి మాస్టారు:
ఆ 25 ఏళ్ల దగ్గరే మా గొంతు పట్టుకున్నట్టు ఉంది. ఏళ్ల తరబడి డీఎస్సీ పడక, పడ్డప్పుడు కోర్టు కేసులతో ఆగి, నాకు ఉద్యోగం వచ్చేసరికి 43 ఏళ్లు. 62కి దిగిపోయేనాటికి సర్వీసు 19 ఏళ్లే, ఆ లెక్కన నాకొచ్చేది సగం కాదు, 38 శాతం. ఆలస్యం చేసింది నేను కాదు కదండీ. ఆ ఆరేళ్లు ఎవరి ఖాతాలో రాస్తారు?