ఒంట్లో నీరు తీసే లాసిక్స్ మాత్ర డోసు మార్చే అధికారం నర్సుకి ఇవ్వొచ్చా?

ఒంగోలు_అబ్బాయి
నాన్నకి హార్ట్ ఫెయిల్యూర్, ఈఎఫ్ (గుండె ఒక్కోసారి బయటికి నెట్టే రక్తం శాతం) 30. రెండు నెలల్లో మూడుసార్లు అడ్మిట్ చేశాం. మూడోసారి ఇంటికి పంపేటప్పుడు వార్డు సిస్టర్ అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని అరగంట మాట్లాడింది. రోజూ పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చాక, టిఫిన్ తినకముందు బరువు చూడమంది. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒళ్లు కాదు, నీరు అంది. చలవ చేస్తుందని అమ్మ రోజూ కొబ్బరి బొండాం తాగిస్తోందని విని తల పట్టుకుంది. పొటాషియం బయటికి పోనివ్వని ఆల్డాక్టోన్ మాత్ర వేసుకునే మనిషికి దాంతో పొటాషియం పెరుగుతుందట. మొదటి రెండుసార్లూ ఇంగ్లీషు డిశ్చార్జ్ సమ్మరీ చేతిలో పెట్టి పంపారు, అంతే.

పోయిన నెల ఒక ఆదివారం బరువు పెరిగింది. డాక్టరు గారు ఫోన్ ఎత్తలేదు. సిస్టర్‌కి చేస్తే "ఇంకో మాత్ర వేయమనడానికి నాకు రూలు లేదు బాబూ, క్యాజువాలిటీకి తీసుకురండి" అంది. ఒక్క బిళ్ళతో పోయేదానికి మూడు రోజులు ఐసీయూ. డాక్టరు ముందే రాసిపెట్టిన హద్దుల్లో డోసు మార్చే అధికారం ఆవిడకి ఉంటే తప్పేంటి?

కర్నూలు_ఫిజీషియన్
ఒక్క బిళ్ళతో పోయేదని మీకెలా తెలుసండీ? గుండె లయ తప్పి ఉండొచ్చు. కిడ్నీ మొండికేసి ఉండొచ్చు. మోకాళ్ల నొప్పికని ఆర్‌ఎంపీ ఇచ్చిన డైక్లోఫెనాక్ వల్ల నీరు పట్టి ఉండొచ్చు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ టెస్టు చూడకుండా డోసు పెంచేసి, సోడియం పడిపోయి మగతగా వచ్చినవాళ్లని చూశాను. ఏదైనా అయితే కేసు నా మీదే పడుతుంది.

నర్సుల వల్ల లాభం లేదనడం లేదు. 1995లో అమెరికా సెయింట్ లూయిస్‌లో డెబ్బై దాటిన 282 మంది మీద చేసిన స్టడీలో, నర్సు ముందుండి నడిపిన గ్రూపులో హార్ట్ ఫెయిల్యూర్‌తో మళ్లీ చేరడం మూడు నెలల్లో 56 శాతం తగ్గింది. కానీ అక్కడ కూడా మందులు సరిచూసింది కార్డియాలజిస్టే. నర్సు చేసింది నేర్పడం, వెంటపడి కనుక్కోవడం.

సీసీయూ_సిస్టర్_రాజమండ్రి
డాక్టరు గారూ, మీ డైక్లోఫెనాక్‌ని కనిపెట్టేది ఎవరండీ? పేషెంట్ మందుల సంచీ మంచం మీద బోర్లించేది మేమే.

అధికారం లేదంటారు గానీ, పని ఆగిందా? రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసి "సార్, యూరిన్ 200 కూడా రాలేదు, లాసిక్స్ ఇంకో నలభై ఎంజీ ఇవ్వనా" అంటాను. "ఇచ్చేయమ్మా" అంటారు నిద్రమత్తులో. పొద్దున్నే కేస్ షీట్‌లో సంతకం. పధ్నాలుగేళ్లుగా ఇదే తంతు. ఆ నలభై ఎవరు ఆలోచించినట్టు? బాగైతే మీ పేరు, తేడా వస్తే "సిస్టర్ సరిగ్గా చెప్పలేదు". హద్దులు కాగితం మీద పెట్టమంటే మాత్రం గొడవ.

లెస్టర్_తెలుగమ్మాయి
ఇక్కడ ఇంగ్లండ్‌లో నేను చేస్తున్నది అదే పని. 2006 నుంచి ప్రిస్క్రైబింగ్ కోర్సు పాసైన నర్సు చాలామటుకు మందులు సొంతంగా రాయొచ్చు. ఇంటికెళ్లి బరువు, బీపీ చూస్తాను, రక్తం తీస్తాను, డోసు మారిస్తే ఒకటి రెండు వారాల్లో మళ్లీ కిడ్నీ టెస్టు. హద్దు దాటితే కార్డియాలజిస్టుకి ఫోన్. విజయవాడలో చేసినప్పుడు ఇదే నేను బీపీ రాసి పక్కన నిలబడేదాన్ని. 2015లో వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వాళ్లు 7 ట్రయల్స్ కలిపి చూశారు. బీటా బ్లాకర్ల లాంటి గుండె మందుల డోసు నర్సులు మెల్లగా పెంచినచోట ఆసుపత్రి చేరికలూ మరణాలూ తగ్గాయి.

కర్నూలు_ఫిజీషియన్
నెదర్లాండ్స్‌లో 2008లో వచ్చిన కోచ్ ట్రయల్ కూడా చెప్పండమ్మా మరి. వెయ్యి మందికి పైగా పేషెంట్లు, అదనంగా నర్సుల్ని పెట్టినా మరణాలూ అడ్మిషన్లూ చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

లెస్టర్_తెలుగమ్మాయి
అక్కడ నర్సు లేని గ్రూపుకి కూడా కార్డియాలజిస్టు ఫాలోఅప్ ఉంది సార్. ఒంగోలు అబ్బాయి నాన్నగారికి ఆదివారం ఏముంది? కేరళలో 2013లో తిరువనంతపురం హార్ట్ ఫెయిల్యూర్ రిజిస్ట్రీలో 1205 మందిని నమోదు చేస్తే ఏడాది తిరిగేసరికి మూడోవంతు దాకా పోయారు. పోల్చాల్సింది దీంతో.

కర్నూలు_ఫిజీషియన్
సరే, ఒక మెట్టు దిగుతా. లాసిక్స్ ఒక్కటే, నలభై నుంచి ఎనభై, మూడు రోజులకే, అదీ వారంలో చేసిన క్రియాటినిన్ చేతిలో ఉంటే. మిగతావి ముట్టుకోకూడదు. 2019 ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) చట్టం 32వ సెక్షన్‌లో డాక్టర్లు కాని ఆరోగ్య సిబ్బందికి పరిమిత లైసెన్సు మాట ఉంది గానీ, దాని మీద మా వాళ్లు రోడ్డెక్కారు, నేనూ వెళ్లాను.

సీసీయూ_సిస్టర్_రాజమండ్రి
వారం లోపల క్రియాటినిన్ అంటే పల్లెటూళ్లో ఎవరు తీస్తారండీ? విలేజ్ క్లినిక్‌లో ఉన్నది బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయే. మీరు మొదలుపెట్టిన బీపీ, షుగర్ మందులు నెలనెలా ఇస్తోంది. ఆ రక్తం కూడా ఆవిడ చేతే తీయించండి.

ఒంగోలు_అబ్బాయి
మధ్యలో వస్తున్నందుకు సారీ. ఇవాళ నాన్న 61.8. మొన్న 60.1.

సీసీయూ_సిస్టర్_రాజమండ్రి
రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకున్నారు బాబూ? ఏమైనా తిన్నారా బయట?

ఒంగోలు_అబ్బాయి
మూడు. మామూలుగా ఒకటే. నిన్న మేనత్త ఇంట్లో గృహప్రవేశం, అప్పడాలు, ఆవకాయ...

కర్నూలు_ఫిజీషియన్
పడుకుంటే ఆయాసం వస్తోందంటే ఇక్కడ టైప్ చేస్తూ కూర్చోకండి. తీసుకెళ్లండి.