తక్కువ బడ్జెట్‌లో ప్రొడక్ట్ ఫొటోలు: అన్నిటికీ 45 డిగ్రీలేనా, వస్తువును బట్టి యాంగిల్ మార్చాలా?

కొత్తచిగురు
అందరికీ నమస్కారం. ఆన్‌లైన్‌లో అమ్మడానికి మూడు రకాల వస్తువులకు ఫొటోలు తీసుకుంటున్నాను: సెంటు సీసాలు, తోలు బ్యాగులు, వెండి ఉంగరాలు. నా దగ్గర ఫోను, చిన్న ట్రైపాడ్, కిటికీలోంచి వచ్చే వెలుతురు ఉన్నాయి. తెలిసినాయన ఒకరు "అన్నిటినీ 45 డిగ్రీల్లో, కాస్త పైనుంచి తీసెయ్. వేరే యాంగిల్స్ జోలికెళ్తే సామాను కొనాల్సి వస్తుంది" అన్నారు. ఆయన చెప్పినట్టే తీస్తే బ్యాగు బాగుంది గానీ, సీసా మాత్రం పైన లావుగా, కింద సన్నగా వస్తోంది. ఉంగరం సగమే స్పష్టంగా ఉంది. కొంత డబ్బు కూడబెట్టాను. లెన్స్ కొనాలా, పైనుంచి తీసే స్టాండ్ కొనాలా? అసలు తప్పు యాంగిల్‌దేనా?

వరసపేజీ
ఆయన చెప్పింది కరెక్టే అండి. 45 డిగ్రీల్లో ముందు వైపు, పక్క, పైభాగం మూడూ ఒకే ఫొటోలో వచ్చేస్తాయి. బల్ల మీద టేపుతో గుర్తు పెట్టుకుని, ట్రైపాడ్ ఎత్తు కదపకుండా వరసగా తీసుకుంటూ పోవచ్చు. పేజీ తెరవగానే అన్నీ ఒకే వరసలో కనబడితే కొనేవాళ్లకు పోల్చుకోవడం తేలిక. ఒక్కో వస్తువుకు ఒక్కో యాంగిల్ అంటే లైటు మార్చాలి, ఎడిటింగ్ మార్చాలి. ఒంటరిగా పనిచేసేవాళ్లకు టైమే పెద్ద ఖర్చు. అమెజాన్ కూడా చెప్పుల మెయిన్ ఫొటోకు ఒక్క కాలిది, ఎడమవైపు 45 డిగ్రీలు తిరిగి ఉండాలని నియమం పెట్టుకుంది. ఊరికే పెట్టలేదు కదా.

నీడవెంట
వరసపేజీ గారూ, టైము గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ ఆ నియమం ఇక్కడికి సరిపోదు. అక్కడ 45 అంటే చెప్పును పక్కకు తిప్పడం. కొత్తచిగురు గారి పరిచయస్తుడు చెప్పింది కెమెరాను పైకెత్తి కిందికి వంచడం. రెండింటినీ "45" అనే ఒక్క మాటతో పిలవడం వల్లే సగం గందరగోళం వస్తోంది. వస్తువు ఎంత తిరిగింది, కెమెరా ఎంత ఎత్తులో ఉంది అన్నవి వేర్వేరుగా తేల్చుకోవాలి.

సీసా సంగతి చూద్దాం. ఫోన్‌ను కిందికి వంచారు కాబట్టే నిలువు గీతలు కిందికి పోయేకొద్దీ దగ్గరయ్యాయి. లేబుల్‌ను కూడా ఒకసారి జూమ్ చేసి చూడండి. దాని కింది అంచు నవ్వుతున్న మూతిలా వంగి ఉంటుంది. అక్షరాల వరస కూడా ఆ వంపులోనే నడుస్తుంది. ఫోన్‌ను నిటారుగా నిలబెట్టి, లెన్స్‌ను లేబుల్ మధ్య ఎత్తుకు దించండి. గీతలూ అక్షరాలూ రెండూ సర్దుకుంటాయి. మూత పైభాగం కూడా కొంచెం కనబడాలంటే ఫోన్‌ను ఎత్తండి, వంచొద్దు. సీసా ఫ్రేములో కింది సగానికి జారుతుంది, పైన ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని కత్తిరించేయండి. లేబుల్ కొంచెం వంగినా నిలువు గీతలు మాత్రం నిలువుగానే ఉంటాయి. షిఫ్ట్ లెన్స్ (కెమెరాను వంచకుండా లెన్స్‌ను మాత్రమే పైకీ కిందికీ జరిపేది) చేసే పని సరిగ్గా ఇదే. కెనాన్ 1973లో టిల్ట్ (లెన్స్‌ను వంచడం), షిఫ్ట్ రెండూ ఉన్న లెన్స్ తెచ్చింది. ఇప్పటికీ వాటి ధర మామూలు లెన్సుల కంటే చాలా ఎక్కువ. ఆన్‌లైన్ ఫొటోకు కత్తిరింపు సరిపోతుంది.

రెండో విషయం దూరం. నా దృష్టిలో యాంగిల్ కంటే ముందు చూడాల్సింది ఇదే. 20 సెంటీమీటర్ల లోతున్న డబ్బాను 30 సెంటీమీటర్ల దూరం నుంచి తీశారనుకోండి. ముందు ముఖం 30లో ఉంటే, వెనక ముఖం 50లో ఉంటుంది. అంటే వెనకది ముందుదానిలో 60 శాతం సైజులోనే పడుతుంది. 150 సెంటీమీటర్ల దూరానికి జరిగితే అదే 88 శాతం అవుతుంది. ఫోన్ మెయిన్ కెమెరా వైడ్‌గా ఉంటుంది కాబట్టి ఫ్రేము నింపడానికి దగ్గరికి వెళ్లిపోతాం, వస్తువు ఉబ్బినట్టు వస్తుంది. యాంగిల్ పాడైందనుకుంటాం. వెనక్కి జరిగి జూమ్ లెన్స్ ఉంటే అది వాడండి, లేకపోతే క్రాప్ చేయండి. దీనికి డబ్బు అక్కర్లేదు, గదిలో చోటుంటే చాలు.

దీపస్తంభం
స్టూడియోలో పనిచేస్తాను. సీసా, బ్యాగుల వరకు నీడవెంట గారి మాటే నా మాట. కానీ "యాంగిల్‌కు బడ్జెట్‌తో సంబంధం లేదు" అన్నట్టు రాశారు, ఉంగరం దగ్గర అది కుదరదు. అంత దగ్గర్నుంచి తీసేటప్పుడు ఫోకస్ ఉండే మందం కొన్ని మిల్లీమీటర్లే. ఉంగరాన్ని మూలగా తిప్పితే ముందు రాయి స్పష్టంగా, వెనక వంపు మసకగా వస్తుంది. మేమైతే 100 ఎంఎం మాక్రో లెన్స్‌తో (బాగా దగ్గర్నుంచి తీయడానికి వాడేది) ఫోకస్‌ను కొంచెం కొంచెం జరుపుతూ 15, 20 ఫొటోలు తీసి కలుపుతాం. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) బాగా మూసేస్తే సరిపోదా అంటారేమో, ఎఫ్22 అంత చిన్న రంధ్రానికి వెళ్తే డిఫ్రాక్షన్ వల్ల, అంటే వెలుతురు అంచుల దగ్గర చెదరడం వల్ల ఫొటో అంతా మెత్తబడుతుంది. ఆ సామాను లేనివాళ్లు ముఖ్యమైన ముఖం కెమెరాకు సమాంతరంగా ఉండే యాంగిల్ ఎంచుకోవాలి. అంటే ఇక్కడ యాంగిల్‌ను తేల్చింది బడ్జెటే.

ఇక పైనుంచి తీసే స్టాండ్. మొదట్లో నేను రెండు కుర్చీల మధ్య కర్ర పెట్టి, దానికి ఫోన్ కట్టి తీశాను. ముడి జారి ఫోన్ పోయి ఒక క్లయింట్ గడియారం అద్దం మీద పడింది. అద్దం పగిలింది. డబ్బు కట్టాను, కానీ ఆయన మళ్లీ రాలేదు. దయచేసి అలా చేయకండి. స్టాండ్ కొంటే వెనక బరువు వేలాడదీసే వీలున్నదే కొనండి. ఫోన్ బల్లకు సమాంతరంగా ఉందో లేదో తెలియాలంటే వస్తువు పెట్టే చోట చిన్న అద్దం పడుకోబెట్టండి. స్క్రీన్ సరిగ్గా మధ్యలో మీ లెన్స్ మీకే కనబడితే సరిగ్గా ఉన్నట్టు. ఒక పక్కకు జరిగి కనిపిస్తే ఫోన్ వంగిందన్నమాట.

వరసపేజీ
తిప్పడం, ఎత్తు వేర్వేరన్నది నేను కలిపేశాను, నిజమే. అయినా ఒక్క మాట. సీసాలన్నీ ఒక యాంగిల్, బ్యాగులన్నీ ఒక యాంగిల్ అని గట్టిగా ఉండాలి. ఈరోజు ఒక ఎత్తు, వచ్చే నెల ఇంకో ఎత్తు అయితే పేజీ అంతా కలగాపులగం అవుతుంది.

కొత్తచిగురు
ఇవాళ పొద్దున్నే తీసి చూశాను. సీసా నిటారుగా వచ్చింది, లేబుల్ మీది గీత స్కేలు పెట్టి గీసినట్టుంది! ఉంగరాన్ని దీపస్తంభం గారు చెప్పినట్టు ఎదురుగా పెడితే ఫోకస్ కుదిరింది. కానీ దాని వంపులో నా ఫోనూ, వెనకాల నేనూ నల్లటి మచ్చలా కనిపిస్తున్నాం. పోలరైజర్ (మెరుపును, ప్రతిబింబాలను తగ్గించే ఫిల్టర్) కొంటే పోతుందా?

నీడవెంట
పోదండి, దానికి డబ్బు పెట్టకండి. పోలరైజర్ లోహం మీద దాదాపు పనిచేయదు. గాజు మీద పనిచేస్తుంది గానీ, అది కూడా ఏటవాలుగా చూసినప్పుడే. గాజు ఉపరితలానికి సుమారు 34 డిగ్రీల్లో ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది, నేరుగా ఎదురుగా ఉంటే ఏమీ చేయదు. ఉంగరం వంపుగా ఉంటుంది కాబట్టి దాదాపు గది మొత్తాన్నీ చూపిస్తుంది. మీరు ఏ యాంగిల్‌కి వెళ్లినా వెంట వస్తారు. తెల్ల చార్టు మధ్యలో లెన్స్ పట్టేంత రంధ్రం చేసి, ఫోన్‌ను దాని వెనక పెట్టండి. మచ్చ చిన్న చుక్కకు తగ్గుతుంది, దాన్ని ఎడిటింగ్‌లో చెరిపేయొచ్చు. దీపస్తంభం గారూ, ఉంగరం విషయంలో మీరన్నదే సరైంది. నేను సీసాను దృష్టిలో పెట్టుకుని అన్నిటికీ కలిపి చెప్పేశాను.

దీపస్తంభం
ఆ చార్టు వెనక నుంచి వెలుతురు రానివ్వకండి, రంధ్రం అంచు మెరుస్తుంది. మేము లెన్స్ చుట్టూ నల్ల గుడ్డ కడతాం.

కొత్తచిగురు
చుక్క ఒక్కటే మిగిలింది, చెరిపేశాను. లెన్స్ ఇప్పుడే కొనడం లేదు. బ్యాగు లోపలి అరలు చూపించడానికి పైనుంచి తీయక తప్పదు కాబట్టి బరువు వేలాడదీసే స్టాండ్ తీసుకుంటున్నాను. వరసపేజీ గారూ, మీరన్నట్టు సీసా, ఉంగరం, బ్యాగు ఒక్కోదానికి లెన్స్ ఎత్తు, దూరం, ఎంత తిప్పానో నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను. సీసాకు 9 సెంటీమీటర్ల ఎత్తు, 150 దూరం.