తంగేడు పువ్వా, తంగేటి పువ్వా?

ప్రశ్న: బతుకమ్మ గురించి రాసిన వ్యాసంలో 'తంగేటి పూలు' అన్నాను. అచ్చులో 'తంగేడు పూలు' అని మార్చారు. నాది తప్పా?

మొదటి జవాబు: తప్పు కాదండీ. గూడు–గూటి, నాడు–నాటి, ఏడు–ఏటి వరుసలోనే తంగేడు–తంగేటి. విభక్తికి ముందు పదం చివర వచ్చే ఈ 'టి' లాంటిదాన్ని వ్యాకరణం ఔపవిభక్తికం అంటుంది. కాకపోతే చెట్ల పేర్ల దగ్గర వాడుక సూత్రానికి అంత సులువుగా లొంగదు. 'మారేడు దళం' అంటాం కాని 'మారేటి దళం' అనేవారు అరుదు. నేరేడు పండు, నేరేటి పండు రెండూ చెల్లుతున్నాయి. మీ వ్యాసం దిద్దినవారిది వాడుక, మీది సూత్రం. నా ఓటు మాత్రం 'తంగేటి'కే. ఎందుకంటే 'తంగేటి జున్ను' అనే పాత పలుకుబడిని ఎవరూ 'తంగేడు జున్ను' అనలేదు.

ప్రశ్న: జున్నుకూ తంగేడుకూ ఏమిటి సంబంధం?

మొదటి జవాబు: ఇది ఈనిన ఆవు పాలతో చేసే జున్ను కాదు. పాత తెలుగులో జున్ను అంటే తేనెపట్టు కూడా. కన్ను–కంటి, మిన్ను–మింటి లాగే జున్ను–జుంటి. మనం 'జుంటి తేనె' అంటున్నది అదే. ఇక తంగేడు పెద్ద చెట్టు కాదు, మనిషెత్తుకు కాస్త అటూ ఇటూగా పెరిగే పొద. చిన్న తేనెటీగలు అలాంటి పొదల్లో ఒక కొమ్మను పట్టుకుని, చేతికందే ఎత్తులో పట్టు పెడతాయి. కొండతేనె కోసమైతే తాడు కట్టుకుని దిగాలి, పొగ పెట్టాలి. ఇక్కడ కొమ్మ విరుచుకుంటే చాలు. అందుకే శ్రమ లేకుండా చేజిక్కే దాన్ని 'తంగేటి జున్ను' అన్నారు.

మరొకరు: భాష సంగతి మీరు చెప్పారు, మొక్క సంగతి నేను కలుపుతాను. తంగేడు పువ్వులో మకరందం ఉండదు. తేనెటీగలకు దొరికేది పుప్పొడి మాత్రమే. పుప్పొడి సంచుల కొసన చిన్న రంధ్రాలుంటాయి. పెద్ద ఈగలు పువ్వును పట్టుకుని రెక్కల కండరాలను అదిలించి పుప్పొడిని రాలుస్తాయి. కాబట్టి ఆ పట్టులోని తేనె తంగేటి పూలది కాదు, చుట్టుపక్కల పూలది. పేరు పట్టు ఉన్న చోటును బట్టి వచ్చింది.

మొదటి జవాబు: బాగా చెప్పారు. 'తంగేడు పూల తేనె' అని అర్థం రాసేవారు ఈ మాట చదవాలి.

ఇంకొకరు: తమిళంలో దీన్ని ఆవారై అంటారు. 'ఆవారై పూచి ఉండగా చచ్చినవారిని చూశామా' అనే అర్థంలో వాళ్లకో సామెత ఉంది. పొంగల్‌కు ముందు ఇంటి చూరుకు వేపాకుతో పాటు ఈ పూలు కడతారు. కన్నడంలో తంగడి, అంటే మన మాటకు చుట్టమే.

ప్రశ్న: 2014లో తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం అయినప్పటి నుంచి ఇంటి ముందు నాటాలని ఉంది. గింజలు మొలవడం లేదు.

మరొకరు: పైపొట్టు గట్టిది. నీళ్లు మరిగించి దించి, గింజలు వేసి రాత్రంతా అలాగే వదిలేయండి. ఉబ్బినవాటిని తొలకరిలో నేరుగా నేలలోనే పెట్టండి, తల్లివేరు లోతుగా దిగుతుంది కాబట్టి పెరిగాక పీకి నాటితే బతకడం కష్టం. ఎండకు భయపడదు కాని నీరు నిలిస్తే కుళ్లిపోతుంది. చిక్కుడు కుటుంబమే అయినా దీని వేళ్లకు నత్రజని బుడిపెలు రావు. అయినా రైతులు దీని రొట్టను పొలంలో తొక్కించేవారు, ఆకు బలం ఆకుదే. ఇక చెక్క, అంటే బెరడు, తోళ్లు ఊనే, అంటే పదును చేసే, లందలకు వెళ్లేది.

నర్సరీలో అడిగేటప్పుడు జాగ్రత్త. సీమ తంగేడు, కొండ తంగేడు పెద్ద చెట్లు. నేల తంగేడు అంటే సునాముఖి.